యాదయ్య మోసిన అదనపు బరువు

విమానం చప్పుడుకు కిటికీ అద్దాలు వణకకపోతే ఏదో జరిగిందని కంగారుపడే రోజులవి. శంషాబాద్‌లో, బెంగళూరు రహదారి నుంచి సాతంరాయి వైపు చీలిన ఒక సందులో, నేనూ నా సహోద్యోగి ఒకడూ కిరాయి గదిలో ఉండేవాళ్లం. మనిషి ఏది పొందినా చదివి, వరుసలో నిలబడి, తన వంతు వచ్చాకే పొందాలని ఆ వయసులో నేను గాఢంగా నమ్మేవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి కావడం అందుకు కొంత కారణం. మహేశ్వరం దగ్గరి మా ఊళ్లో మా బాపు నా పట్టాకు ఫ్రేము కట్టించి, నట్టింట గోడకు వేలాడదీసి, గౌరవంతో బంతిపూల దండ కూడా వేశాడు. (పట్టా మీద నా ఫోటో ఉండడం వల్ల, ఆ దండ చూసి "పాపం, చిన్న వయసే" అని తల ఊపి వెళ్లిన దూరపు చుట్టాలు ఉన్నారు.) అంతటి పట్టా విమానాశ్రయంలో నాకు సంపాదించిపెట్టిన ఉద్యోగం, చెక్-ఇన్ కౌంటరు వెనుక కూర్చుని ప్రయాణికుల పెట్టెలు తూచడం. బరువు హద్దు దాటితే, "దయచేసి కొంత తీసేయండి" అని చెప్పడం. ఆ మాటను నేను ఎంతో మర్యాదగా చెప్పేవాణ్ణి. విన్నవారు మాత్రం ఎప్పుడూ మర్యాదగా తీసుకోలేదు.

నేను తూచి పంపిన పెట్టెలను బెల్టు అవతల ఎత్తి బండికి చేర్చే పని నా గది మిత్రుడిది. అతనిది పాతబస్తీ. డ్యూటీ దిగగానే రెండు దిండ్లు వెనుక వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని చాయ్ అడిగేవాడు కనుక అందరూ నవాబ్ అనేవారు. అతను నన్ను డిగ్రీ అని పిలిచేవాడు. "క్యా రే డిగ్రీ, జర ఎక్కువున్నా పోనిస్తవు. కౌంటర్ల నీకు దువా, ఈడ నా నడుముకు దవాఖాన" అని రోజూ నడుము పట్టుకుని నిష్ఠూరమాడేవాడు. అతని ఖాలా (పిన్ని) కొడుకు ఒకడు మామిడిపల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడిపేవాడు. మేం రిపేర్ భాయ్ అనేవాళ్లం. ఎవరో బాగుచేయించుకోవడానికి ఇచ్చి మరచిపోయిన గేమ్ కన్సోల్‌ను అతను నవాబ్‌కు ఎరువిచ్చాడు. దానితో రెండు కంట్రోలర్లు వచ్చాయి. ఒకటి మంచిది, ఒకటి బటన్ వదులైనది. మా గదికి ఇంటర్నెట్ లేదు. కనుక ఆ పెట్టె లోపలి లోకంలో మేం చేసిన పుణ్యపాపాలకు మేమిద్దరమే సాక్షులం.

ఆ గేమ్‌లో ఒక యోధుడు దూరదేశం నుంచి కాలినడకన ఇంటికి వెళ్లాలి. బయలుదేరేటప్పుడు చెల్లెలు తన కాలి ఇత్తడి గజ్జె ఒకటి విప్పి అతని చేతిలో పెట్టి, "ఇది తెచ్చిననాడే తలుపు తీస్తాను" అంటుంది. యోధుడికి పేరు పెట్టుకునే స్వేచ్ఛ ఆడేవారిది. నేను గంభీరమైన పేర్లు చాలా ఆలోచించాను. నవాబ్ మాత్రం, "ఇంటికి నడిచి పోయెటోడు ఎవడన్న ఉంటే మా లోడింగ్ యాదయ్యే. బస్సుకు పైసలియ్యడు వాడు" అని తేల్చేశాడు. అలా నిలువెల్లా ఇనుప కవచం, నీలి కళ్లు, బంగారు జుట్టు ఉన్న ఆ విదేశీ యోధుడు యాదయ్య అయ్యాడు. తెర మీద వచ్చే ఇంగ్లీషు సంభాషణలు నవాబ్ చదివేలోపే మాయమయ్యేవి. నేను చదివి తెలుగులో వినిపించేవాణ్ణి. "ఓ బాటసారీ, నీ ప్రయాణం శుభప్రదమగుగాక" అని నేను అనువదిస్తే, "ఏంది, గా ముసలోడు గిట్లనే అన్నడా? సరిగ్గ జెప్పు" అని అనుమానించేవాడు. ఒకరు లేకుండా ఒకరం ముందుకు ఆడకూడదని, ముగింపు ఇద్దరం కలిసే చూడాలని ఒట్టు పెట్టుకున్నాం. యాదయ్యను చెల్లెలు గుర్తుపడుతుందా లేదా అన్నదే నవాబ్‌కు రంది. "ఇన్నేండ్లైంది గద యార్. గుర్తు వడ్తదా?" అని అన్నం తింటూ కూడా అడిగేవాడు.

అంతలో రిపేర్ భాయ్ ఒక కిటుకు చెప్పిపోయాడు. గేమ్‌లోని సత్రంలో ఒక పెద్ద చెక్కపెట్టె ఉంటుంది. అందులో వస్తువు పెట్టి, మూత పడే క్షణంలోనే వెనక్కి తీసుకునే బటన్ నొక్కితే, అదే వస్తువు పెట్టెలోనూ ఉంటుంది, యాదయ్య సంచిలోనూ ఉంటుంది. మంచి కంట్రోలర్‌తో ఇది సాధ్యం కాలేదు. వదులు బటన్ దానితో చిటికెలో అయింది. నవాబ్ సంచిలో చేతికందిన మొదటి వస్తువుతో పరీక్షించాడు. అది చెల్లెలి గజ్జె. ఒకటి రెండైంది, రెండు నాలుగైంది. సత్రం వ్యాపారి ఇత్తడికి మంచి ధర ఇస్తాడని తెలిశాక నవాబ్ ఇక ఆగలేదు.

"ఇది దొంగతనం" అన్నాను నేను.

"ఎవనిది గుంజుకున్నం రా? సత్రంల ఎవడన్న ఏడుస్తుండా?"

"కష్టపడకుండ వచ్చింది నిలవది."

"గీ బటన్ నొక్కి నొక్కి నా బొటనేలు వాసింది. కష్టం గాదా ఇది? చూడు, పట్టి చూడు."

నేను ఆ వేలు పట్టి చూడలేదు గాని, ఆ విషయాన్ని మాత్రం చాలా రోజులు ఆలోచించాను. (కౌంటరులో ఒక పెద్దమనిషికి కిటికీ పక్క సీటుకు బదులు మధ్య సీటు ఇచ్చినది ఆ రోజుల్లోనే.) పరీక్షలో నేను చూచిరాస్తే, చూడకుండా రాసినవాడి స్థానం దిగిపోతుంది, అందుకే అది తప్పు. ఈ పరీక్షలో రెండో విద్యార్థి లేడు. యాదయ్యకు దారిలో ఎదురయ్యే తోడేళ్లకూ దయ్యాలకూ ర్యాంకులు లేవు. కాబట్టి తప్పు లేదని తీర్మానించుకున్నాను. తప్పు లేదని తేలిన పనిని శ్రద్ధగా చేయాలన్నది నా చదువు నాకిచ్చిన సంస్కారం. ఆకుపసరు, గొంగళ్లు, బూట్లు, ఇనుప టోపీలు, పులుసు గిన్నెలు, చివరికి ఎందుకు పనికొస్తుందో ఆ గేమ్ తయారుచేసినవారికీ తెలియని విరిగిన చెంచాతో సహా అన్నింటినీ నేను పెంచి పోషించాను. వదులు బటన్ మీద నా చేయి నవాబ్ చేతికన్నా బాగా కుదిరింది.

ఇక్కడే మా ఇద్దరి పెంపకం అడ్డుపడింది. ఆ గేమ్ ఆడే మరెవరైనా పనికిరానివి దారిలో పారేసి సాగిపోయేవారు. మా అమ్మ పాల ప్యాకెట్లు కడిగి దండెం మీద ఆరవేసే మనిషి. మా ఇంట్లో తెగిన చెప్పుకు కూడా, "ఉండనీ, రేపు దేనికన్న అక్కరకొస్తది" అన్న దీవెనతో అటక మీద చోటు దొరికేది. నవాబ్ ఇంట్లో బిస్కెట్ల డబ్బా తెరిస్తే బిస్కెట్టు కనిపించినది ఒక్క రోజే. ఆ తర్వాత జన్మంతా సూదీ దారమే. కనుక పారేద్దామన్న మాట మా ఇద్దరి నోటా రాలేదు. బరువు హద్దు దాటాక యాదయ్య పరుగు మానేశాడు. తర్వాత మామూలు నడక కూడా మానేసి, నెత్తిన బోనం పెట్టుకున్న ఆడబిడ్డలా అడుగులో అడుగు వేయసాగాడు. తోడేళ్లు వచ్చి కరిచి, విసుగెత్తి వెళ్లిపోయేవి. మేం కంట్రోలర్‌కు రబ్బరుబ్యాండు చుట్టి నేల మీద పెట్టి, అన్నం వార్చుకుని వచ్చేసరికి అతను ఒక పొలం దాటేవాడు. ఉదయమంతా కౌంటరులో జనానికి బరువు తగ్గించుకొమ్మని బోధించి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ నడక చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ రెండింటికీ ఏమైనా సంబంధం ఉందని నాకు తట్టనే లేదు.

ఇంతలో నవాబ్‌కు నిఖా కుదిరింది. ఆదివారం మధ్యాహ్నం వాళ్ల భాయ్‌జాన్ కారు తెచ్చి అతన్ని సామానుతో పాతబస్తీకి తీసుకుపోతాడు. కన్సోల్ తిరిగి మామిడిపల్లికి పోతుంది. ఇక అతను ఆ గదికి రాడు. సరిగ్గా ఆ వారమే యాదయ్య తన ఊరి ముందున్న తాళ్ల వంతెన దగ్గరికి చేరాడు. అవతల ఇల్లు కనిపిస్తోంది, పొగగొట్టంలోంచి పొగ కూడా వస్తోంది. వంతెన కాపలా ముసలివాడు చేయి అడ్డుపెట్టాడు. నేను చదివి వినిపించాను: "నాయనా, నీ బరువును ఈ తాళ్లు మోయలేవు. కొంత తీసివేసి రమ్ము."

నవాబ్ చాలాసేపు నవ్వాడు. "అరే, వీడు నీ లెక్కనే మాట్లాడుతుండు గద! యూనిఫామ్ ఒకటే తక్కువ." తర్వాత నవ్వు ఆపేశాడు. ఎందుకంటే సంచిలో అన్నింటికన్నా బరువైనవి అమ్మగా మిగిలిన ఆ ఇత్తడి గజ్జెలే. అవి తీస్తే తప్ప వంతెన దాటలేం. వాటిలో చెల్లెలిచ్చిన అసలు గజ్జె ఏదో మాకు తెలియదు. చూడటానికి అన్నీ ఒక్కటే. పారేసింది నదిలో పడిపోతుంది. ఆ గేమ్ ప్రతి పనినీ తనంతట తానే సేవ్ చేసుకునేది, వెనక్కి తిరిగే వీలు లేదు. సత్రం కొండల అవతల మిగిలింది. యాదయ్య నడకకు అక్కడికి వెళ్లి రావాలంటే నవాబ్‌కు పిల్లలు కూడా పుడతారు. వీటన్నింటినీ మించిన భయం ఒకటుంది, దాన్ని నవాబే పైకి అన్నాడు. "అసలుదే అమ్ముకున్ననేమో రా, సత్రంల."

రిపేర్ భాయ్‌ను పిలిస్తే వచ్చి చూసి, పళ్లు కుట్టుకుంటూ చెప్పాడు. "గింత సామానేంది బై, మూసీల వరదొచ్చినట్టు? సేవ్ ఫైల్ పెన్‌డ్రైవ్‌ల తీస్త. ల్యాప్‌టాప్‌ల బరువు సున్నా జేస్త. మళ్ల ఎక్కిస్త. అన్నీ ఎత్తుకొని ఉరుకొచ్చు. గ్యారంటీ మాత్రం అడగకురి. ఒక్కోసారి మొత్తం లేస్తది." మొత్తం లేస్తే యాదయ్యే ఉండడు, ముగింపూ ఉండదు. అయినా పారేయడం కన్నా అదే నయమని మేమిద్దరం ఒప్పుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌తో వస్తానని అతను వెళ్లాడు.

ఆ ఆదివారం ఉదయం నా కౌంటరుకు ఒక ముసలమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న కూతురు దగ్గరికి ఆమె ఒక్కతే ప్రయాణం, సాగనంపడానికి కొడుకు పాసు తీసుకుని లోపలికి వచ్చాడు. పెట్టె బరువు బాగా ఎక్కువైంది. నేను నా మర్యాద మాట చెప్పాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుని పెట్టె తెరిచింది. చీరలు తీసింది. సకినాల డబ్బా తీసింది. తొక్కు సీసాలు తీసింది. దుప్పటి తీసింది. కొడుకు అడుగున చేయి పెట్టి బట్టలో చుట్టిన ఒకదాన్ని పైకి లాగబోతే, చేయి మీద ఒక్కటి వేసింది. "గది ముట్టకు బిడ్డా! గది దానిది." అది కూతురిది, పసుపు నూరే చిన్న రాయి. పెట్టెలో అన్నింటికన్నా బరువైనదీ అదే. చీరలన్నీ కొడుకు చేతుల్లో మిగిలాయి. రాయి విమానం ఎక్కింది.

గదికి రాగానే నవాబ్‌కు నవ్వుతూ చెప్పాను. అతను సర్దుతున్న బ్యాగు పక్కన పెట్టాడు. "ఆకుపచ్చ పెట్టెనా? నేనే ఎత్తిన. చిన్నగుంటదని ఎత్తబోతే నడుము పట్టింది. ఏముండె రా దాంట్ల, రాయా?"

"రాయే."

అతను వెళ్లి కన్సోల్ ఆన్ చేశాడు. "చల్ డిగ్రీ. మనం గూడ కింద కూసుందాం" అన్నాడు. రిపేర్ భాయ్‌కు ఫోన్ చేసి ల్యాప్‌టాప్ వద్దన్నాడు.

ఇద్దరం నేల మీద కూర్చున్నాం. కంట్రోలర్ నాకిచ్చాడు. మొదట చెంచాలు పారేశాను. మా అమ్మ చూస్తున్నట్టే అనిపించింది. గిన్నెలు, గొంగళ్లు, బూట్లు పోయాయి. తర్వాత గజ్జెల వంతు. ప్రతిసారీ తెర మీద "పారవేయనా?" అన్న ప్రశ్న వచ్చేది. నేను ఔనన్నప్పుడల్లా నది మీద నీళ్లు చిందిన చిన్న చప్పుడు. నవాబ్ మొదట కళ్లు మూసుకున్నాడు, తర్వాత "బిస్మిల్లా" అనడం మొదలుపెట్టాడు. కింద సందులో కారు హారన్ మోగింది. "భాయ్‌జాన్, దో మినిట్!" అని కిటికీలోంచి అరిచి వచ్చి కూర్చున్నాడు. గజ్జెలు తరిగిపోతున్నాయి. ఆఖరికి కొద్దిపాటివే మిగిలాయి. ఒక గజ్జె మీద బటన్ నొక్కాను. చప్పుడు రాలేదు. మళ్లీ నొక్కాను. ప్రశ్న రాలేదు, ఒక వాక్యం వచ్చింది.

"ఏమంటుండు? జల్ది చదువు!"

"దీన్ని పారవేయడం నీ తరం కాదు, అంటున్నడు."

నవాబ్ నా మెడ పట్టుకుని ఊపిన ఊపుకు కంట్రోలర్ ఎగిరి మంచం కింద పడింది. అసలుదాన్ని అమ్మాలన్నా ఆ గేమ్ ఒప్పుకునేది కాదని, సత్రంలో చేజారినవన్నీ నకళ్లేనని అప్పుడు అర్థమైంది. పారేయడానికి మేం భయపడినన్నాళ్లూ అది వాటి మధ్యనే, వాటిలాగే ఉంది.

మిగతా గజ్జెలూ నదిలో పడ్డాక యాదయ్య వంతెన మీద పరుగెత్తాడు. అతను పరుగెత్తడం చూసి ఎంత కాలమైందో! తలుపు తట్టాడు, గజ్జె ఇచ్చాడు, తలుపు తెరుచుకుంది. చెల్లెలు అతని ముఖం వైపు చూసింది. అప్పుడు గమనించాం: మేం తొడిగిన ఇనుప టోపీ అతని తల మీదే ఉంది, కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ అమ్మాయి ఆ ఇనుప కుండను రెండు చేతులతో పట్టుకుని, "అన్నా, నీ ముఖం ఏమీ మారలేదు" అని ఏడ్చింది. నేను అనువదించాను. నవ్వాలో వద్దో తెలియక నవాబ్ వైపు చూస్తే, అతను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. "గుర్తు వట్టింది రా" అన్నాడు. కింద హారన్ ఆగకుండా మోగుతూనే ఉంది.

వెళ్లేటప్పుడు కన్సోల్‌ను చంకలో పెట్టుకుని, వదులు బటన్ కంట్రోలర్‌ను నా పరుపు మీదికి విసిరాడు. "గిది నీకు. రిపేర్ భాయ్ అడిగితే పోయిందని చెప్త."

ఇప్పుడు నేను కొత్తగా చేరినవారికి కౌంటరు పని నేర్పుతుంటాను. నేల మీద పెట్టె తెరుచుకుని కూర్చున్నవారిని వాళ్లు తొందరపెడితే, కాసేపు ఆగమంటాను. ఆ చేయి దేని దగ్గర ఆగుతుందో చూడాలని ఉంటుంది. మొన్న మేం ఇల్లు మారాం. పనికిరానివి తీసేద్దామని నా భార్య అటక ఖాళీ చేయించింది. నేను ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకునేవాణ్ణి. పారవేయడం నీ తరం కాదని ఏదీ చెప్పలేదు, అయినా అన్నింటినీ పక్కన పెట్టాను. ఆమె అన్నింటినీ తీసి సంచిలో వేసింది. ఆఖరున ఆ కంట్రోలర్ చేతికి వచ్చింది. "మిషన్ లేదు, ఏం లేదు. గిదెందుకు?" అంది. నా బొటనవేలు దాని వదులు బటన్ మీదికి పోయింది. ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసింది. దాని తీగను జాగ్రత్తగా చుట్టి, చీరల పెట్టె అడుగున పెట్టింది.