గోడ మీది గ్లాసు

బేతంచెర్లలో నేను అద్దెకు దిగిన ఇంట్లో సాయంత్రం నాలుగు గంటలకు చెవులు మూసుకుపోయినట్టు అయ్యేది. పొద్దున్నుంచీ ఊరి చుట్టూ బండలు పాలిష్ పట్టే మిషన్లు మోగుతూనే ఉంటాయి. మొదటి వారం ఆ రొదకు తలనొప్పి వస్తుంది. రెండో వారానికి అది వినిపించడం మానేస్తుంది. నాలుగింటికి పనివాళ్లు టీకి లేచి మిషన్లు ఆపినప్పుడు మాత్రం, ఇంతసేపూ ఎవరో మాట్లాడుతూ ఉండి ఇప్పుడే ఆగిపోయారని తెలుస్తుంది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో మా అవ్వ టీ వడపోసేది.

అవ్వ అంటే ఆ ఇంటి యజమానురాలు. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిగా ఉండేది. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెబుతూ ఆమె ముందరి గదిలో ఉండేదాన్ని. పిల్లల ముందు తప్ప ఎవరి ముందూ నాకు నోరు లేవదు. అవ్వకు అది నచ్చింది. "మాట్లాడని పిల్ల. ఇల్లు ఖాళీగా ఉన్నట్టే ఉంటాది" అని కూతురికి ఫోన్లో చెప్పడం విన్నాను.

ఆమె టీ బాగా కాచేది. అల్లం రోట్లో నలగ్గొట్టి, ఆకు నల్లగా మరిగాక పాలు పోసేది. చున్నీ కొసతో వేడి గ్లాసు పట్టుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంటే, స్కూల్లో పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా మెల్లగా వదులయ్యేది. ఆ పావుగంట కోసమే రోజు గడిపేదాన్ని అంటే అబద్ధం కాదు.

అవ్వ మూడు గ్లాసులు పోసేది. ఒకటి నాకు. ఒకటి తనకు, షుగరు జబ్బు కాబట్టి చప్పగా. మూడోది అంచు సొట్టపోయిన పాత స్టీలు గ్లాసు. దాన్ని ఇంట్లోకి తెచ్చేది కాదు, పెరటి గూట్లో బోర్లించి పెట్టేది. ఇంట్లో చక్కెర ఉంచదు కనుక నా డబ్బాలోంచి రెండు చెంచాలు అడిగి, ఆ గ్లాసులో కలిపి, కుంటుకుంటూ పోయి పెరటి గోడ మీద పెట్టి వచ్చేది. నాపరాతి బండలతో కట్టిన నడుమెత్తు గోడ అది.

అవతలింట్లో ఎవరో ఉన్నారనుకున్నాను. పది రోజుల తర్వాత బట్టలు ఆరేస్తూ తొంగి చూశాను. తలుపుకు తాళం ఉంది. తాళం మీద, గడప మీద, వాకిలంతా పాలిష్ పొడి తెల్లగా పేరుకుని ఉంది. తలుపుకు అంటించిన శిలువ స్టిక్కరు సగం ఊడి వేలాడుతోంది.

"అవ్వా, ఆ ఇంట్లో ఎవరూ లేరు కదా?" ఆ ఊళ్లో నా అంతట నేను అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

"ఎండాకాలంలో సచ్చిపోయింది ఆయమ్మ" అంది అవ్వ టీ ఊదుకుంటూ. "పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కడిగేది. నాలుగింటికి చేతులు తుడుచుకుంటా వచ్చి ఆ గోడకాడ నిలబడేది. నలభై ఏండ్లు తాగింది. సచ్చిపోతే మాత్రం టీ మానేస్తారా ఎవురన్నా?"

నవ్వాలో లేదో తెలియక టీ తాగేశాను.

పొద్దున్నే అవ్వ పోయి గ్లాసు తీసేది. టీ మీద మీగడ కట్టి, దాని మీద తెల్లటి పొడి, అంచున చీమలు. దాన్ని కరివేపాకు చెట్టు మొదట్లో పారబోస్తూ, "మళ్లీ తాగల్యా" అనేది. అనేటప్పుడు ఆమె ముఖం, పిలిచిన చుట్టం రాని ఇంటి ముఖంలా ఉండేది.

ఒక సాయంత్రం ఆమె టీవీ ముందు ఉండగా నేను పెరట్లోకి పోయాను. గోడ మీది టీ చెట్టుకు పోసి, గ్లాసు కడిగి, తుడిచాను. ఎవరి గిన్నె అయినా తిరిగి ఇచ్చేటప్పుడు వట్టిది ఇవ్వకూడదని మా అమ్మ చెబుతుంది. అందుకని నా డబ్బాలోంచి చిటికెడు చక్కెర అందులో వేసి మళ్లీ గోడ మీదే పెట్టాను. ఎందుకు చేశానో డైరీలో వెతికితే, "అవ్వ ముఖం చూడలేకపోయాను" అని ఒక్క వాక్యమే ఉంది.

పొద్దున లేచేసరికి అవ్వ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది. వేలు తడి చేసుకుని, చక్కెర అద్ది, నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"వచ్చింది పాపా" అంది గుసగుసగా.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పైగా ఇంకో మూడుసార్లు అదే పని చేశాను.

అప్పటికే అవ్వ కాలి బొటనవేలికి పుండు పడి నెల అయింది. కూతురు కర్నూలు నుంచి వచ్చి డాక్టరుకు చూపించుకొచ్చింది. వెంటనే ఆసుపత్రిలో చేరితే వేలితో పోతుందని, ఆలస్యమైతే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడట. అవ్వ చేరనని ఇంటికొచ్చి కూర్చుంది.

"పాదం తీసేస్తారంట మా! వేలు గాదు, పాదం!" అని కూతురు వంటింట్లో అరిచింది.

"తియ్యనీలే. నేనేమన్నా పరుగు పందేనికి పోవాల్నా?"

"పది దినాలు ఆసుపత్రిలో ఉంటే నీకేం పోతాది?"

"ఆయమ్మ ఇప్పుడిప్పుడే వస్తాండాది. వచ్చి చూస్తే గ్లాసుండదు. మళ్లీ వస్తాదా?"

కూతురు నా వైపు తిరిగింది. "విన్నావా పాపా? సచ్చినామెకు టీ పోసేదానికి ఈమె కాలు పోగొట్టుకుంటాదంట. టీచరమ్మవు, నువ్వన్నా చెప్పు!"

నేను గ్లాసు కడగడానికి కొళాయి దగ్గరికి పోయాను. అవ్వను ఇంట్లో కట్టేసింది నేను పెట్టిన చక్కెరే. షుగరు జబ్బు మనిషి, పెట్టినప్పుడల్లా ఆ చక్కెరను నాకింది కూడా.

నోటితో చెప్పలేనిది పనితో చేద్దామనుకున్నాను. మూడు రోజులు సెలవు పెట్టి పత్తికొండకు, మా ఇంటికి వెళ్లాను. నేను లేకపోతే గ్లాసులో టీ అలాగే ఉంటుంది. అవ్వ ఆశ వదులుకుని ఆసుపత్రికి పోతుంది. ఇదీ నా లెక్క. ఇంటి దగ్గర అమ్మ టీ ఇచ్చినప్పుడల్లా గడియారం చూసేదాన్ని.

తిరిగి వచ్చేసరికి అవ్వ గ్లాసు పట్టుకుని వాకిట్లోనే కూర్చుని ఉంది. "మూడు దినాలూ వచ్చింది" అంది.

గ్లాసు కడిగి ఉంది. అడుగున చింతగింజంత బెల్లం ముక్క ఉంది.

వంటింట్లో డబ్బాలన్నీ తీసి చూశాను. బెల్లం లేదు. ఆ కాలితో అవ్వ సందు చివరి అంగడి దాకా నడవలేదు. పెరట్లోకి పోయి గోడ మీదుగా వంగి చూశాను. అవతలి వాకిలి నిండా పాలిష్ పొడి పిండి పరిచినట్టు ఉంది. దాని మీద ఒక ఉడుత తోక ఈడ్చిన గీత తప్ప ఏమీ లేదు. మనిషి అడుగు ఒక్కటి కూడా లేదు.

ఎవరో ఒకరు పెట్టే ఉంటారు. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. ఆ రోజు మాత్రం గోడ మీద ఆనించిన చేతులు ఠక్కున తీసేసుకున్నాను.

నాలుగింటికి మిషన్లు ఆగాయి. అవ్వ టీ వడపోస్తోంది. ఆ పావుగంట దాటితే ఇక చెప్పలేనని తెలుసు.

"అవ్వా. ముందు పెట్టింది నేను. చక్కెర. నాలుగుసార్లు."

"తెలుసు" అంది అవ్వ.

వడపోయడం ఆపలేదు. "నీ డబ్బాలో యాలక్కాయలేసి పెడతావు గదా. నాలిక మీద పెట్టుకోంగానే తెలిసింది. ఆయమ్మ పెట్టేది ఎప్పుడూ బెల్లమే."

"మరి వచ్చిందన్నావు?"

"వట్టి గ్లాసు ఇయ్యగూడదని ఆయమ్మ అనేది. ఆ మాట నేను నీకెప్పుడన్నా చెప్పినానా? చెప్పల్యా. నోరు తెరవని పిల్ల పోయి గ్లాసు కడిగి తీపి పెట్టిందంటే, ఆయమ్మే పెట్టించింది అనుకున్యా."

అది మా అమ్మ చెప్పిన మాటని అనబోయాను. వీపు మీద ఏదో పాకినట్టయింది. అనలేదు.

అవ్వ పీట మీద కూర్చుని కాలు చాపుకుంది. "మా అత్త ఉన్నప్పుడు ఆయమ్మను లోపలికి రానియ్యదు. ఆ కులమని. గ్లాసు వేరే. తాగినాక ఆయమ్మే కడిగి పెట్టాల. కడిగి, అందులో రోంత బెల్లం పెట్టి ఇచ్చేది. అత్తకు కనపడకుండా తినేదాన్ని. అత్త పోయి పాతికేండ్లాయ. ఆపొద్దు నుంచైనా పిలవచ్చు గదా? పిలవల్యా. గోడకాడ నిలబడేది ఆమెకు అలవాటు, నిలబెట్టేది నాకు అలవాటు. జరమొచ్చి పడుకుంటే కూడా గోడ మీదుగానే టీ ఇచ్చినా." కాలి కట్టు సర్దుకుంది. "నేను ఆసుపత్రిలో సచ్చిపోతే, పైన ఆయమ్మ ఎదురొస్తే, ఏం ముఖం పెట్టుకొని చూసేది?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇప్పుడు పిలువు అవ్వా."

అవ్వ తలెత్తి చూసింది. నేనే మళ్లీ అడిగాను.

"పిలిస్తే ఆసుపత్రికి పోతావా?"

"వస్తే పోతా."

మర్నాడు కూతురు కారు తీసుకుని వచ్చింది. సంచి సర్ది, మందులు సర్ది, మూడున్నరకే తొందరపెట్టింది. "నాలుగు కానీ" అంది అవ్వ. కూతురు తల కొట్టుకుంటూ వంటింట్లో గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది.

మిషన్లు ఆగాయి. అవ్వ నా భుజం పట్టుకుని పెరటి గోడ దాకా నడిచింది. వట్టి చేతులతో. అవతలి తలుపు తాళం వైపు చూస్తూ, రోజూ పిలిచే మనిషిని పిలిచినట్టే అంది: "లోపలికి రా మే. టీ చల్లారతాది."

ఏమీ జరగలేదు. గాలి కూడా లేదు. మేం వెనక్కి నడిచాం. వంటింటి గడప దగ్గర నేను దారి వదిలి పక్కకు జరిగాను. అవ్వ అప్పటికే లోపలికి పోయింది. ఎవరి కోసం జరిగానో నాకు తెలియదు. లోపల అప్పటిదాకా విసుక్కుంటున్న కూతురు, అవ్వ దాటిపోయాక, చాపిన కాళ్లు దగ్గరికి తీసుకుంది.

అవ్వ నాలుగు గ్లాసులు పోసింది. అన్నీ ఇంటి గ్లాసులే, ఒకే రకానివి. పెరటి గూట్లోది ముట్టుకోలేదు. నాలుగో గ్లాసు తన పీట పక్కన ఇంకో పీట వేసి దాని ముందు పెట్టింది. అంత వేడి టీ నేను ఎప్పుడూ అంత త్వరగా తాగలేదు. నాలుగో గ్లాసు మీద ఆవిరి సన్నగా లేచి లేచి ఆగిపోయింది.

కూతురు గ్లాసులు తీయబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయమ్మది నేను కడుగుతా."

కట్టు కట్టిన కాలు పక్కకు చాపుకుని, కొళాయి దగ్గర కూర్చుని, టీ పారబోసి, ఆ ఒక్క గ్లాసును బూడిదతో మూడుసార్లు తోమింది. తుడిచి, మా గ్లాసుల వరసలో పెట్టింది. తర్వాత తనే లేచి కారు వైపు నడిచింది.

"వచ్చిందా మా?" అని కారు తలుపు తీస్తూ కూతురు అడిగింది. వెక్కిరింపుగా మొదలుపెట్టింది గాని, చివరికి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"నువ్వు కాళ్లు ముడుచుకుంటివే" అంది అవ్వ.

తాళంచెవి నాకిచ్చి వెళ్లిపోయారు. కారు మలుపు తిరిగాక ఇంటి వైపు తిరిగితే ఒక సంగతి తట్టింది. ఆయమ్మను పిలిచాం. కూర్చోబెట్టాం. వెళ్లి రమ్మని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ వారం నేను వంటింట్లో పుస్తకం చదవలేదు. టీ కాచేదాన్ని, రెండు గ్లాసులు పోసేదాన్ని, పీట వేసేదాన్ని. తీసేవరకు దాని మీద కూర్చోకుండా, దాన్ని దాటకుండా తిరిగేదాన్ని. భయమా అంటే భయమే. కాని టీ చేతిలో వెచ్చగా ఉన్నంతసేపూ, మరీ లేచి పారిపోయే భయం కాదు.

ఐదో రోజు సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. రెండు వేళ్లు తీసేశారట. పాదం దక్కింది. ఇంకో వారం ఆగి ఉంటే మడమ దాకా పోయేదని డాక్టరు తిట్టాడట. తర్వాత ఫోను అవ్వకు ఇచ్చింది.

"టీ తాగినారా?" మందుల మత్తులో గొంతు నీరసంగా ఉంది.

"తాగినాం అవ్వా."

"బాగుండారా?"

బాగున్నానని చెబుదామనే నోరు తెరిచాను.

"బాగుండాం" అన్నాను.