బాలింత చెవుల్లో దూది

1988లో, వానాకాలం మొదట్లో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను జడ్చర్ల దగ్గర ఒక ఊళ్లో సబ్‌సెంటర్‌లో ఏ.ఎన్.ఎం.గా పనిచేస్తున్నాను. సబ్‌సెంటర్ అంటే పెద్ద దవాఖాన అనుకునేరు. కిరాయికి తీసుకున్న రెండు గదులు, ఒక బల్ల, ఒక ఇనుప మంచం, నేను. అంతే. చుట్టుపక్కల ఊళ్లలో కాన్పులు చెయ్యడం, పిల్లలకు సూదులు వెయ్యడం, బాలింతలను ఇళ్లకు వెళ్లి చూసి రావడం నా పని. ఆ చూసి రావడాన్ని మేము పోస్ట్‌నేటల్ విజిట్ అనేవాళ్లం. ఊళ్లో వాళ్లు మాత్రం "నర్సమ్మ అస్తాంది, ఇగ తిడ్తది" అనేవాళ్లు. అబద్ధమేమీ కాదు, నాకు నోరెక్కువ. ఎండలో వానలో ఊరూరా తిరిగే ఆడదానికి నోరు లేకపోతే కుక్కలు కూడా లెక్కచెయ్యవు.

యాదమ్మ కాన్పు నేనే చేశాను. వాళ్లు గొర్లు కాసుకునే వాళ్లు. తొలి కాన్పని తల్లిగారింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మంచి బరువు, వాడకట్టంతా వినబడే గొంతు. చూడడానికి వచ్చిన మొగుడు మల్లయ్యకు చంటిపిల్లను ఎత్తుకోవడం చేతకాక, గొర్రెపిల్లను పట్టుకున్నట్టు చంకలో ఇరికించుకుంటే అందరం కడుపుబ్బా నవ్వాం. యాదమ్మయితే నొప్పి మరిచిపోయి నవ్వింది.

మల్లయ్య మళ్లీ మంద దగ్గరికి పోయాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఉరుములతో వాన పడింది. అడవిలో మంద దగ్గర నిలబడ్డ మల్లయ్య మీద పిడుగు పడింది. అక్కడికక్కడే పోయాడు.

అత్తగారి ఊళ్లో మట్టి చేశారు. యాదమ్మను తీసుకుపోలేదు. పచ్చి బాలింత చావింటికి పోకూడదు, శవాన్ని చూడకూడదు, అన్నిటికంటే ముఖ్యం, ఏడవకూడదు. ఏడిస్తే పాలు విరిగిపోతాయని, ఆ పాలు తాగిన బిడ్డ దక్కదని ఆ ఊళ్లలో గట్టి నమ్మకం. యాదమ్మ తల్లి బాలమ్మ మట్టికి పోయి వచ్చి, స్నానం చేసి, మొఖం తుడుచుకుని, కూతురి పక్కన కూర్చుని ఒక్క మాటలో చెప్పిందట: "నీ మొగడు పోయిండు బిడ్డా. ఏడ్వకు, పిల్ల ఉన్నది." చెప్పి, చలిగాలి సోకకుండా బాలింత చెవుల్లో పెట్టే దూదిని ఇంకొంచెం లోపలికి నొక్కి, తలకు గుడ్డ బిగించి కట్టింది. మందలించడానికి వచ్చిన ఆడవాళ్లు వాకిట్లో శోకం పెడితే ఆ చప్పుడు లోపలికి పోకూడదని.

మా దిక్కు మందలించడమంటే తిట్టడం కాదు, కష్టంలో ఉన్న వాళ్లను పలకరించడం. మెడ మీద పడి, వరసలు పెట్టి పిలుస్తూ ఏడవడం. ఎంత పగవాళ్లయినా ఆ రోజు వస్తారు. యాదమ్మ దగ్గరికి మాత్రం ఎవరినీ పోనివ్వలేదు. వచ్చిన వాళ్లను వచ్చినట్టే బాలమ్మ వాకిట్లోంచి పంపించేసింది. బిడ్డ మీది ప్రేమతోనే చేసింది పాపం.

తరవాత విజిట్‌కు వెళ్లినప్పుడు నేను చూసింది ఇది. చీకటి గదిలో యాదమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పిలిస్తే పలకదు. పెట్టినంత తింటుంది, పెట్టకపోతే అడగదు. కళ్లు పొడిగా ఉన్నాయి. పాలు దాదాపు ఆగిపోయాయి. బాలమ్మ మేకపాలలో నీళ్లు కలిపి సీసాతో పడుతోంది, పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. నా దగ్గర స్ప్రింగ్ బ్యాలెన్స్ ఉండేది, అంటే కొక్కేనికి గుడ్డ ఊయల తగిలించి పిల్లలను తూచే తరాజు. అందులో పడుకోబెట్టి చూశాను. పుట్టిన రోజు బరువు కూడా లేదు. ఆ గొంతేదీ? పిల్లి కూనలా మూలుగుతోంది.

"ఏడ్చిందా?" అని అడిగాను బాలమ్మను.

"లేదు నర్సమ్మా, మంచిగ చెప్పినట్టు ఇన్నది నా బిడ్డ. ఒక్క సుక్క రాలనియ్యలే," అంది బాలమ్మ, ఒకరకమైన నిబ్బరంతో.

"నువ్వు ఏడ్చినవా?"

"నేనేడిస్తె అది సూడదా?" అంది. ఆవిడ కళ్లూ పొడిగానే ఉన్నాయి.

పిల్లకు ఉప్పు పంచదార నీళ్లు పట్టించి, జడ్చర్ల దవాఖానలో ఉండే మా డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె అంతా విని, "రజియా, పిల్లకు మందు నేనిస్తాను. కానీ ఈ వానల్లో సీసాపాల మీద ఈ పిల్ల నిలవదు. తల్లికి పాలు రావాలి. ముందు తల్లి సంగతి చూడు," అంది. పాలు ఊరడం వేరు, ఊరినవి దిగడం వేరు. దిగడాన్ని మేము లెట్‌డౌన్ అంటాం. తల్లి మనసు బిగుసుకుపోతే ఉన్న పాలు కూడా దిగవు. అది నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం? బిగుసుకున్న మనసుకు మా సంచిలో సూది లేదు.

నేనే కూర్చుని మాట్లాడి చూశాను. మంచిగా చెప్పాను, కోప్పడ్డాను కూడా. యాదమ్మ నా చీర అంచు చూస్తూ కూర్చుంది. నేను ఇంటికి పోతే నా మొగుడు నిక్షేపంగా రేడియో వింటూ ఉంటాడు. నా మాటకు ఆ అమ్మాయి దగ్గర బరువెక్కడిది?

అప్పుడు మా దాదీ, అంటే నాయనమ్మ, గుర్తుకొచ్చింది. మా తాత పోయినప్పుడు ఆమె ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన స్త్రీ మాలో కొన్ని నెలలు గడప దాటకుండా ఉండే కాలం అది. దాదీ గడప దాటలేదు గానీ మా గల్లీ ఆడవాళ్లంతా ఆ గడప దాటి లోపలికి వచ్చేవాళ్లు. ఒకామె తల దువ్వేది, ఒకామె పాన్ చుట్టి ఇచ్చేది. మొగుడు పోయిన ఆడవాళ్లయితే దాదీ పక్కనే కూర్చునేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లో గానీ దాదీ వాళ్లు వచ్చే వేళకు ఎదురుచూసేది. యాదమ్మకు కావలసింది అలాంటి మనిషి అనిపించింది. అదీ మామూలు మనిషి కాదు, పచ్చి బాలింతగా ఉండి మొగుణ్ని పోగొట్టుకుని, బిడ్డను బతికించుకున్న మనిషి. లేకపోతే బాలమ్మ గడప దాటనివ్వదు.

వెతకడం మొదలుపెట్టాను. సూదులు వెయ్యడానికి పోయిన ప్రతి ఇంట్లో అడిగాను. తిట్లు తిన్నాను. "గవేం మాటలు నర్సమ్మా, సంటిపిల్లలున్న ఇంట్ల అడుగుతవా?" అని ఒకామె నా మొఖం మీదే తలుపు వేసింది. జడ్చర్ల అంగట్లో గొంగళ్లు అమ్ముకునే ఆడవాళ్ల దగ్గర కూడా ఇదే అడిగాను. ఒకామె ముక్కు మీద వేలేసుకుంది. ఆమె వెనక ఉన్ని ఉండలు చుట్టుకుంటున్న ఒక ముసలామె తల ఎత్తకుండానే, "నేనే. ఏం గావాలె?" అంది.

ఆమె లింగవ్వ. పక్క ఊరు. ఆమె మొగుడు పాము కుట్టి పోయాడట, కొడుకు పుట్టిన నెలలోపే. యాదమ్మ సంగతి చెప్పాను. ఆమె ఉన్ని మూట కట్టేసి లేచింది.

"దూది పెట్టిండ్రా చెవులల్ల?" అని అడిగింది.

"పెట్టిండ్రు."

"నాకూ పెట్టిండ్రు. తీసి పారేసిన," అంది. అంగడి సగంలోనే బయల్దేరింది.

ఆమె కొడుకు సాయిలు సైకిల్ మీద తల్లిని తెచ్చాడు. నేను వాళ్ల వెనకే నడిచి వచ్చేసరికి బాలమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడి ఉంది.

"కాళ్లు మొక్కుత అవ్వా, లోపటికి పోకు. నువ్వు శోకం పెడ్తె అదేడుస్తది. పాలు ఇరుగుతయ్. నా పిల్ల సచ్చిపోతది."

లింగవ్వ కోప్పడలేదు. వెనక్కి తిరిగి, "అరేయ్ సాయిలూ, గిటు రా," అంది. సాయిలు వచ్చి నిలబడ్డాడు. ఆ మనిషిని మీరు చూడాలి. గొంగడి కప్పుకుంటే అది నడుము దగ్గరే ఆగిపోయేది. ఆ ఇంటి చూరు అతని గడ్డానికి తగులుతోంది.

"వీడు పొత్తిళ్లల్ల ఉన్నప్పుడు వీని నాయిన పోయిండు. నేను పొద్దుమాపు ఏడ్సిన. ఏడ్సుకుంటనే పాలిచ్చిన. గా పాలే దాగిండు వీడు. సూడు బాలమ్మా, ఏడ ఇరిగిండో సూపియ్యి."

సాయిలు సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. బాలమ్మ అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. చాలాసేపు చూసింది. జీవితంలో నేను నోరు మూసుకున్న కొద్ది సందర్భాల్లో అదొకటి. బాలమ్మ పక్కకు జరిగింది.

పిల్లను నేను ఒళ్లోకి తీసుకున్నాను. లింగవ్వ యాదమ్మ ఎదురుగా కూర్చుని, తల గుడ్డ విప్పింది. ఒక చెవిలోంచి దూది తీసింది, రెండో చెవిలోంచి తీసింది. మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా ఎత్తుకుంది: "మల్లయ్య కొడుకా... మంద దొడ్లె వడ్డది కొడుకా... నీ అడుగు ఇనవడకపాయె కొడుకా..."

యాదమ్మ కొయ్యలా కూర్చుంది. నాకు భయం వేసింది. తప్పుదారి పట్టామా అనుకున్నాను. అప్పుడు యాదమ్మ నోరు తెరిచింది. లింగవ్వను కాదు, తల్లిని అడిగింది.

"మొఖం ఎట్లుండె అమ్మా?"

నేను చూడని మొఖం నువ్వు చూశావు కదా, చెప్పు అని. ఇన్నాళ్లూ యాదమ్మ లోపల తిరుగుతున్నది ఇదే. పిడుగు పడ్డ మనిషి మొఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూర్చుంది.

బాలమ్మ గడప దగ్గర కూలబడిపోయింది. "నిద్రవోయినట్టే ఉండె బిడ్డా. మొఖానికేం గాలే. నేనే నీళ్లు వోసి తుడ్సిన. నువ్వు కుట్టిచ్చిన అంగే తొడిగిండ్రు," అని చెప్పి, అప్పుడు ఏడ్చింది. తల్లి ఏడవగానే కూతురు ఏడ్చింది. ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ఇన్నాళ్లూ వాకిట్లోంచే వెనక్కి పోయిన వాళ్లంతా వచ్చి ఆ మెడ మీద పడ్డారు. నేను కూడా ఏడ్చాను, దాచుకునేదేముంది?

ఆ గోలకు నా ఒళ్లో పిల్ల లేచి మూలిగింది. యాదమ్మ ఉలిక్కిపడి చూసింది. రవిక తడిసింది. లింగవ్వ అందరినీ తోసి, "జరుగుండ్రి, పిల్లనియ్యుండ్రి," అని నా చేతుల్లోంచి లాక్కుని యాదమ్మ ఒళ్లో పెట్టింది.

ఏడుపుతోనే పాలు పొంగిపోయాయని నేను చెప్పను. ఆ తరవాత పని చాలా ఉంది. సీసా బయట పడేయించాను. గంటగంటకూ పిల్లకు రొమ్ము పట్టించాను, చాలనప్పుడు పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పోయించాను. లింగవ్వ అంగడి నాడల్లా వచ్చి కూర్చునేది. ఇద్దరూ ఉన్ని ఏకుకుంటూ మాట్లాడుకునేవాళ్లు, ఏడవాలనిపిస్తే ఏడ్చేవాళ్లు. పిల్ల బరువు మెల్లగా పైకి జరిగింది. ఒకనాడు నేను ఇంకా వీధి మొదట్లో ఉండగానే దాని గొంతు వినబడింది. ఆ రోజు నేను సబ్‌సెంటర్ దాకా ఒంటరిగా నవ్వుకుంటూ నడిచాను.

ఆ తరవాత ఏ ఊళ్లో ఎవరింట్లో ఇలాంటి కష్టం వచ్చినా, మందుల సంచి కంటే ముందు మనిషి కోసం వెతికే అలవాటయింది నాకు. బిడ్డ పోయిన తల్లికి బిడ్డ పోయిన తల్లినే తీసుకుపోయేదాన్ని. ఈ పని మా ట్రైనింగ్‌లో లేదు. అయినా నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునేది ఇదే. దుఃఖం తెలిసిన మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటుందని, వెళ్లి అడిగితే పనులన్నీ వదిలి వస్తుందని నాకు నేర్పింది ఆ కేసు.

కొన్నేళ్లకు, తొంభైల్లో, ఇంకో ఊళ్లో ఒక బాలింత మొగుడు రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. కబురు అందగానే సంచి తీసుకుని వెళ్లాను. దారంతా ఎవరిని పిలవాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. లింగవ్వ అప్పటికి లేదు. ఆ ఇంటి వాకిట్లో నిలబడి, లోపలికి పోవడానికి చెప్పులు విడుస్తుంటే తలుపు దగ్గర ఒకామె చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగు నర్సమ్మా. పిల్లగాన్ని పట్టుకొని గాడ కూసో. లోపట మేమున్నం."

యాదమ్మ! ఎవరు పిలిచారో, ఎప్పుడు వచ్చిందో. నేనైతే చెప్పి పంపలేదు. ఆమె వెనక ఇంకా కొందరు ఆడవాళ్లున్నారు, నాకు తెలిసిన మొఖాలు కొన్ని, తెలియనివి కొన్ని. నా చేతిలో పిల్లాణ్ని పెట్టి తలుపు దగ్గరికి వేసుకుంది.

అంత నోరున్న నేను ఆమె చెప్పినట్టే అరుగు మీద కూర్చున్నాను. లోపల శోకం మొదలైంది. కొంతసేపటికి ఇంకో గొంతు కలిసింది, కొత్త గొంతు, పగిలిపోయి వచ్చింది. పిల్లాడు కదిలాడు. తలుపు తెరుచుకుంది. యాదమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంటూ వచ్చి, గుప్పిట్లో ఉన్న దూది ముక్కలు వాకిట్లో పారేసి, రెండు చేతులూ చాపింది.

"ఇయ్యి నర్సమ్మా. తల్లి అడుగుతాంది."