కొండ మీద ఉగాది వంట

మా వదిన చనిపోయి ఏడాది తిరక్కముందే వచ్చిన ఉగాది అది. గుడియాత్తంలో అన్న ఇంట్లో పండగ వంట చేయకూడదు. పొన్నైలో ఉండే మా పెద్దమ్మ అన్నకు ఫోన్ చేసి మరీ చెప్పింది: "ఏడు తిరిగేదాకా ఆ ఇంట్లో బాండ్లి పెట్టకూడదు నాయనా. బయటింటి వాళ్ళు చేసి పెడితే తినొచ్చు." నేను పెళ్ళై వేరే ఇంటికి పోయినదాన్ని కాబట్టి నేను చేసి పెట్టొచ్చు. కానీ అన్న వేలూరు పక్కన బాగాయంలో ఉన్న మా ఇంటికి రానన్నాడు.

ఎనిమిది నెలలుగా అన్న తిండి తిండి కాదు. లుంగీల అంగడి మూసి వచ్చేటప్పుడు నాలుగు ఇడ్లీలు పొట్లం కట్టించుకుంటాడు, రెండు తిని రెండు పారేస్తాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. ఆదివారం ఆదివారం వేలూరులో బస్సెక్కి పోయి క్యారియర్ ఇచ్చి వస్తాను. మళ్ళీ వారానికి క్యారియర్ శుభ్రంగా కడిగి ఉంటుంది. అందులోది ఎవరు తిన్నారో ఆ వీధి కుక్కకే తెలియాలి. నాకు కోపం ఎక్కువ. పదిమందికి ఏడుపొచ్చే చోట నాకు కోపమొస్తుంది.

వదిన కర్మలయ్యాక వంటిల్లు ఖాళీ చేయించింది కూడా నేనే. చూస్తూ ఉంటే అన్నకు బాధ అని ఊరగాయ జాడీలు, పొడులు, అప్పడాలు చుట్టాలకు తలా ఇంత పంచేశాను. అన్న వాకిట్లో కూర్చుని ఆ జాడీలు పోతుంటే చూశాడు, ఏమీ అనలేదు. ఏమీ అనలేదు గదా, మంచిదే చేశాననుకున్నాను.

ఏటా ఉగాది సెలవులకు మేం ముగ్గురం జవ్వాది కొండల్లో మూడు రోజులు నడిచేవాళ్ళం. దారి చూసేది నేను, మూటలు మోసేది అన్న, తిండి సంగతి వదినది. ఆ సంచి మీద నన్ను చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. "నువ్వు బళ్ళో లెక్కలు చెప్పుకో పో, ఉప్పు లెక్క నాకు ఇడిచిపెట్టు" అనేది. నేను మూటల మహాలక్ష్మి అని ఎగతాళి చేసేదాన్ని. మూడో రోజు పండగ పూట పచ్చడి మొదలు పాయసం దాకా ఆకులో పడేది. కొండ మీదికి ఏది ఎట్లా చెడకుండా తెచ్చేదో ఒక్కసారీ అడగలేదు.

ఈసారీ పోదామన్నాను. "కొండ మీద నీ ఇల్లు లేదు. పొయ్యి నాది, చెయ్యి నాది. ఏ తప్పూ లేదన్నా" అని వాదించాను. అన్న లుంగీలు మడత పెడుతూనే ఉన్నాడు. చివరికి "సరేమ్మా, వస్తా" అన్నాడు. ఎందుకొప్పుకున్నాడో అడగలేదు. అడిగితే మానుకుంటాడని భయం.

పదిహేను రోజులు జాబితా రాశాను. పెసరపప్పు వేయించి పెట్టాను, బెల్లం పొడి చేశాను, చింతపండు గింజ తీశాను, మామిడికాయలు కాగితంలో చుట్టాను. వేపపువ్వు తాజాగా ఉండాలని బయల్దేరే పొద్దున మా వీధి చెట్టు కింద చీర పరిచి రాల్చి, కడిగి, ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టాను. నా జాబితా చూసుకుని నాకే ముచ్చటేసింది.

రెండు రోజులు నడిచాం. మలుపు వచ్చిన ప్రతిచోటా అన్న ఆగి వెనక్కి చూసేవాడు. వదిన ఎప్పుడూ వెనకబడేది. రాళ్ళు సరిగా లేవని, ఎండ ఎక్కువగా ఉందని నేను దారినంతా తిట్టిపోశాను.

మూడో రోజు పొద్దున ఒక కొండ ఊళ్ళో ఒక అవ్వ తన తిన్నె మీద వండుకోమంది. అన్న స్నానానికి వాగుకు పోయాడు. నేను కవరు విప్పాను. వేపపువ్వు నల్లగా ముద్దయి కంపు కొడుతోంది. కడిగిన పువ్వును తడితో కట్టిపెడితే ఇంకేమవుతుంది? చుట్టుపక్కల వేపచెట్టుందా అని అవ్వను అడిగితే, అది కింద ఊళ్ళలో గదమ్మా అని తమిళంలో చెప్పి నవ్వింది. చేదు లేని ఉగాది పచ్చడి పచ్చడే కాదు. కవరు విసిరికొట్టాను.

పొయ్యి వెలిగించాలిగా, అగ్గిపెట్టె కోసం అన్న సంచి తీశాను. తువ్వాలు మడతలో చిన్న స్టీలు డబ్బా దొరికింది. మూత తీస్తే ఎండు వేపపువ్వు, సగానికి పైగా. నాకు ప్రాణం లేచి వచ్చింది. పువ్వు దొరికినందుకు కాదు. అన్న పండగను తలుచుకున్నాడు, నాకు చెప్పకుండా ఇంత సరుకు కొని తెచ్చుకున్నాడు, మనిషి దారిన పడుతున్నాడు అనుకున్నాను. పచ్చడిలో చారెడు వేశాను. మిగిలింది మిగిల్చి ఏం చేస్తానని నేతిలో వేయించి చారులో కుమ్మరించాను. డబ్బా బూడిద పెట్టి తళతళా తోమి ఎండలో బోర్లించాను.

ఆకు వేసి పచ్చడి వడ్డించాను. అన్న నాలిక మీద పెట్టుకుని ఆగిపోయాడు.

"ఈ పువ్వు యాడిదిమ్మా?"

"నీ సంచిలోదే."

 అన్న పులిహోర ముట్టలేదు, పాయసం పక్కకు జరిపాడు. అన్నంలో చారు పోసుకుని మూడుసార్లు తిన్నాడు. గిన్నె వంచి అడుగున మిగిలింది కూడా తాగాడు. ఎనిమిది నెలల తర్వాత అన్న కడుపు నిండా తిన్నాడని నేను ఉబ్బిపోతున్నాను.

"డబ్బాలో ఇంకా ఉండాదా?" అన్నాడు.

"లేదన్నా, అంతా వేసేసినా. బాగుందా?"

"బాగుండాదిమ్మా. మజ్జిగలో ఉప్పేసి నానబెట్టి ఎండబెడతాది ఆమె. పోయిన ఉగాదికి పెట్టింది. ఆ పొద్దు నువ్వు జాడీలన్నీ ఇచ్చేస్తా ఉంటే ఇదొకటి జోబులో ఏసుకుంటి."

 వదిన చేతిది అన్నకు రెండుసార్లు లేకుండా చేశాను, రెండుసార్లూ అన్న మంచికే. ఈసారి కోపం రాలేదు. ఏడ్చాను.

"ఏడవొద్దమ్మా. పండగ పూట" అన్నాడు. లేచిపోయి ఎండలో ఉన్న డబ్బా తీసుకున్నాడు. తువ్వాలుతో తుడిచి, మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

నేను దాన్ని బాగా తోమి పెట్టాను.