ఇంటర్వెల్ తర్వాతి కథ

మా గల్లీలో సాంచాలు పట్టపగలు ఆగాయంటే రెండే కారణాలుంటాయి. కరెంటు పోయి ఉండాలి, లేదా మనిషి పోయి ఉండాలి. పోయిన గురువారం కరెంటు ఉంది. అయినా ఈ మరాఠీ ఊళ్ళో మా తెలుగు సాలెల పేట నీలం నగర్‌లో, మా వరుసలోని మరమగ్గాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఆ పొద్దున ఆస్పత్రిలో కన్నుమూశాడు.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పేపర్లో పడేంత మనిషి కాదు. కానీ నాకు కథ చెప్పడమంటే ఏమిటో ఆయన పక్కన కూర్చున్నప్పుడే తెలిసింది కాబట్టి, నాకు తెలిసినంత మీకు చెప్తాను.

పెద్దబాపు వయసులో ఉన్నప్పటినుంచీ రాత్రి పాళీలోనే పనిచేశాడు. కార్ఖానా భోంగా, అంటే సైరను, సాయంత్రం ఎనిమిదింటికి కూసేది. సినిమా ఆరింటికి మొదలయ్యేది. తెలుగు సినిమా వచ్చిందంటే పెద్దమ్మను తీసుకుని వెళ్ళేవాడు, ఇంటర్వెల్ కాగానే లేచి పాళీకి నడిచేవాడు. పెద్దమ్మ గల్లీ ఆడవాళ్ళతో కూర్చుని మిగతా సగం చూసి వచ్చేది. పొద్దున ఆయన తిరిగొచ్చి, తలలో నూలుపొట్టు దులుపుకుని చాయ్ ముందు కూర్చోగానే, బీడీలు చుడుతూ ఆమె ఆ సగం చెప్పేది. మా పెద్దబాపు ముప్ఫై ఏళ్ళు సినిమాలన్నీ ఇలాగే చూశాడు. మొదటి సగం కళ్ళతో, రెండో సగం చెవులతో.

సాంచాల మోతకు ఆ చెవులు మందగించాక పని మానేశాడు. ఒక పాత వ్యాను కొని, లోపల బల్ల మంచం కొట్టించి, స్టవ్వూ బిందే పెట్టి, చద్దర్లూ తువ్వాళ్ళూ నింపుకుని జాతరల వెంట తిరగడం మొదలుపెట్టాడు. తుల్జాపూర్, పండరిపురం, గాణగాపూర్, బీదర్. వాళ్ళకు పిల్లల్లేరు. పెద్దమ్మ వెంట వెళ్ళేది, సెలవుల్లో నేనూ వెళ్ళేదాన్ని. జనం మధ్య నిలబడి చద్దర్‌ను ఒక్క విసురుతో గాలిలో పరిచి, "ఘ్యా మావశీ, హాత్ లావూన్ బఘా," అని ఆయన చెయ్యి పెట్టి చూడమంటూ మరాఠీలో పిలిస్తే, ముసలమ్మలు నిజంగానే వచ్చి చెయ్యి పెట్టి చూసేవాళ్ళు.

సాయంత్రం నన్ను అడిగేవాడు, "ఇయ్యాల ఏం మాట దొరికింది బిడ్డా?" నేను అప్పుడే లైబ్రరీ పుస్తకాల మీద పడ్డాను. ఒకరోజు 'ప్రదోషం' అని చెప్పాను. పొద్దుగూకే వేళ అని అర్థం కూడా చెప్పాను. మర్నాడు వ్యాను ఆపగానే కేకేశాడు, "ఏమే, ప్రదోషమైంది, చాయ్ పెట్టు."

"గదేం రోగమయ్యా?" అంది పెద్దమ్మ.

రెండో ఏడు ఆయన వ్యానులో ఇంకో సామాను చేరింది. ఎక్కడో పాత వీడియో కోచ్ బస్సును విప్పుతుంటే అందులోని ప్లేయరు తెచ్చాడు. చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీతో కలిపి దాన్ని బ్యాటరీకి తగిలించాడు. తర్వాత వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ వెతికి వెతికి క్యాసెట్లు కొన్నాడు. అన్నీ ఆయన సగం చూసిన సినిమాలే. నూలు కండెల పెట్టెలో వాటిని వరుసగా పేర్చి, "ఇగ ఎవ్వని భోంగా మనల లేపది. అన్ని సివరిదాంక చూద్దాం," అన్నాడు.

పెద్దమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చేతిలోని గిన్నెను తోమిందే తోముతూ కూర్చుంది. నీళ్ళకు వెళ్ళినప్పుడు నాతో మెల్లగా అంది, "బిడ్డా, నేను చెప్పినయన్ని సిన్మాలల్ల లేవే."

నాకు అర్థం కాలేదు.

"సచ్చినోళ్ళను బతికిచ్చిన," అంది. "విడిపోయినోళ్ళను కలిపిన. ఒక్క సిన్మాల కాదు, శానట్ల. ఇప్పుడాయన చూస్తే, ముప్ఫై ఏండ్లు అబద్ధాలు చెప్పిందంటడు. ఇగ నా మాట ఏది నమ్ముతడే?"

ఆ భయంతో ఆమె వ్యానులో సరిగా అన్నం కూడా తినలేదు. మొదటి క్యాసెట్టు ఆమెను కాపాడింది. అన్నదమ్ముల కథ. తమ్ముడి నేరం తన మీద వేసుకుని అన్న జైలుకు పోతాడు, అక్కడ ఇంటర్వెల్. అది దాటగానే టేపు పటుక్కున తెగింది. పోగు తెగితే మావాళ్ళ చేతులు ఆలోచించవు. పెద్దబాపు క్యాసెట్టు విప్పి, రెండు కొసలూ వేళ్ళ మధ్య తిప్పి, సాలె ముడి వేసి, మిగిలిన కొసను పంటితో కొరికేశాడు. ప్లేయరు ఆ ముడిని మింగలేక కిర్రుమని ఆగిపోయింది.

ఊరికి తిరిగొచ్చాక, మా కుంఠా నాకాలో మరమ్మతు చేసే అతను దాన్ని చూసి నవ్వి నవ్వి కూలబడ్డాడు. "మామా, ఇది సాంచా అనుకున్నవా? గీ సన్నపు అంటు కాయితంతోని అతకాలె."

"ముడి ఊడిందారా?" అన్నాడు పెద్దబాపు.

"లేదు."

"మరి?"

ప్లేయరు బాగయ్యేదాకా పెద్దమ్మ ముఖం తేటగా ఉంది. "పోనియ్యరాదూ, తర్వాత ఏమైతదో నేను చెప్తనే ఉంటి గదా," అని రెండుసార్లు అంది కూడా. ఆయన వినలేదు.

తుల్జాపూర్ దారిలో ఒక మధ్యాహ్నం ఎండకు జనం లేరు. వ్యానును నీడకు చేర్చి, కిటికీలకు చద్దర్లు వేలాడదీసి లోపల చీకటి చేశాడు. అదే అన్నదమ్ముల సినిమా పెట్టాడు. ఇంటర్వెల్ వచ్చింది, పోయింది. "బందు చెయ్యి, బ్యాటరీ ఒడుస్తది," అంది పెద్దమ్మ. "ఊకో," అన్నాడు. జైలు నుంచి విడుదలైన అన్న ఊరికి బయల్దేరాడు. తమ్ముడు స్టేషన్‌కు పరిగెత్తాడు. రైలు వచ్చేసరికి అన్న కిటికీ పక్కన తల వాల్చి ఉన్నాడు, ప్రాణం లేదు.

తెర మీద చుక్కలు వచ్చాయి. పెద్దబాపు వాటినే చూస్తూ కూర్చున్నాడు.

"మరి కంచం?" అన్నాడు.

"ఏ కంచం?"

"ఇద్దరు ఒక్క కంచంల తిన్నరంటివి. ఎల్లిపాయ కారమంటివి."

పెద్దమ్మ తల ఎత్తలేదు. "రాత్రంత నిలవడి అచ్చేటోనివి. కండ్లు ఎర్రగ ఉండేటియి. అన్న సచ్చిపోయిండని చెప్పి నిన్ను పండవెట్టాల్నా?"

ఆయన కిందికి దిగి, బిందెలో నీళ్ళతో ముఖం కడుక్కుని, ఒక చద్దర్ భుజాన వేసుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. కొనేవాళ్ళు ఎవరూ లేని రోడ్డు. పెద్దమ్మ లోపల బీడీ ఆకులు కత్తిరిస్తూ, ఎడాపెడా కత్తిరిస్తూ కూర్చుంది. చీకటి పడేదాకా ఆయన లోపలికి రాలేదు. ఆమె పెట్టిన అన్నం మాత్రం మొత్తం తిన్నాడు.

మర్నాడు ఇంకో సినిమా పెట్టాడు. పెద్దమ్మ గుమ్మంలోనే, మాకు వీపు పెట్టి కూర్చుంది. ఇంటర్వెల్ అని పడగానే ఆయన టప్పున ప్లేయరు ఆపేశాడు.

"ఇగ చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పాలె?"

"తర్వాత ఏమైంది?"

"క్యాసెట్ల ఉన్నది గదయ్యా. చూడు."

"క్యాసెట్ల ఉన్నది ఏడికి పోతది? నువ్వు చెప్పు. జర గట్టిగ చెప్పు, నా చెవులు తెలుసు గదా."

ఆమె చాలాసేపు బెట్టు చేసింది. తర్వాత మా వైపు తిరిగింది. ఆమె చెప్తుంటే పెద్దబాపు మధ్యమధ్యలో అడ్డం పడేవాడు.

"వాని చెల్లె లగ్గమైందా?"

"అయింది."

"పిలగాడు ఏం పని జేస్తడు?"

"బీడీ కార్ఖానల మునీము."

"ఆ సిన్మాల బీడీ కార్ఖానా ఏడికెల్లి వచ్చిందే?"

"నువ్వు చూసినవా? లేదు గదా. ఊకో మరి."

ఆయన అంతగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఆ పెట్టెలోని సినిమాలన్నీ మేము సగమే చూశాం. ఒక్కో సినిమాను రెండు మూడుసార్లు. ఆమె చెప్పే ముగింపు ప్రతిసారీ ఒకేలా ఉండేది కాదు. ఆయన పట్టుకునేవాడు, ఆమె దబాయించేది. నేనొకసారి మిగతా సగం చూస్తానని మొండికేస్తే, "చూడు బిడ్డా, వద్దన్ననా? కానీ మీ పెద్దమ్మ చెప్పినంక చూడు. ముందుగాల చూస్తే ఆమె చెప్పేటియి మనసుల పట్టయి," అన్నాడు. కాలేజీలో మాకు చాలా పాఠాలు చెప్తారు. నేను ఎక్కువసార్లు తలుచుకునేది ఈ మాటనే.

ఇక ఆ గురువారం సంగతి. ఇది చదివి ఎవరైనా మా ఇంటికి పలకరించడానికి వస్తే, దయచేసి పెద్దమ్మ చెప్పేదే వినండి. నేను రాసింది ఆమెకు చెప్పకండి.

ఆ పొద్దున నర్సు పెద్దమ్మనూ నన్నూ బయటికి పంపింది. మేము వరండాలో బల్ల మీద కూర్చున్నాం. తిరిగి పిలిచేసరికి అంతా అయిపోయింది. ఆయన మాతో ఏమీ అనలేదు. మేమూ ఆయనతో ఏమీ అనలేదు.

ఐదో రోజు పెద్దమ్మ అక్క సిరిసిల్ల నుంచి వచ్చింది. చెల్లెలిని పట్టుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని అడిగింది, "ఎట్ల పోయిండే? ఏమన్న అన్నడా?"

పెద్దమ్మ కొంగు సర్దుకుంది. "చాయ్ అడిగిండక్కా. సాసర్ల పోసి ఇచ్చిన. సగం తాగి, మిగిలింది నన్ను తాగుమన్నడు. నేను తాగి సాసరు కింద పెట్టేవరకు నిద్రవోయిండు. మొఖం ఎంత సల్లగ ఉండెనో."

ఆమె అక్క నా వైపు తిరిగింది. "నువ్వు ఆడనే ఉన్నవటగా బిడ్డా?"

పెద్దమ్మ కూడా నా వైపు చూసింది.

"ఉన్న," అన్నాను. "చాయ్‌ల చక్కెర తక్కువైందన్నడు."

పెద్దమ్మ కాసేపు నన్నే చూసింది. తర్వాత అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "అవునక్కా," అంది, "జరంత తక్కువనే అయింది."