తడి గాలిలో వేసిన అతుకు

మా షెడ్డులో వెల్డింగ్ చేసే పెద్దాయన, మేమంతా చాచా అని పిలిచే మనిషి, మంగళవారం పొద్దున పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసేసరికి రెండో రాకెట్టు ఇంధనపు ట్యాంకు తనిఖీ కాగితం ముందేసుకుని, సంతకం పెట్టాలా వద్దా అని కూర్చున్నాను. పెన్ను పక్కన పెట్టేశాను. నిజం చెప్పాలంటే ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటగా అనిపించింది, అంతే.

చాచా మా ఊరి పాతపేటలో పుట్టి, ఫిషింగ్ హార్బర్‌లో పడవలకు అతుకులేస్తూ ముసలైన మనిషి. మా చిన్న రాకెట్ల కంపెనీ ఆ దగ్గర్లో షెడ్డు తీసుకున్నప్పుడు చేరారు. ట్యాంకు డిజైను నాది. మొదటిరోజే నా డ్రాయింగు చూసి, "బరువు బాగా తగ్గించినావమ్మా. తప్పు సేసుకోడానికి సోటు కూడా తగ్గించీసినావు" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

అల్యూమినియం అతికే ముందు స్టీలు గ్లాసులో ఐసు నీళ్లు పోసి పక్కన పెట్టుకునేవారు. గ్లాసుకు చెమట పట్టి ధారగా కారిందంటే ఆ పూట పని బందు. తడి గాలిలో అతికితే లోపల బుడగలు మిగిలి అతుకు బలం తగ్గుతుంది. తేమ కొలిచే మీటరుందిగా చాచా అంటే, "మీటరు గోడకుంది. అతుకిక్కడుంది" అనేవారు.

మొదటి రాకెట్టు ట్యాంకు అతికేటప్పుడు, ఓ వానాకాలం మధ్యాహ్నం గ్లాసు కారింది. ఆయన చేతి తొడుగులు విప్పేశారు. గడువు మీద పడుతోందని నేను ఇంకో వెల్డరు చేత పని ముగించాను. అతుకుకు తీసిన ఎక్స్‌రే ఫిల్ములో నాలుగైదు బుడగల చుక్కలు కనిపించాయి, అనుమతించిన హద్దులోనే ఉన్నాయి. సంతకం పెట్టాను. ఆ రాకెట్టు ఎగిరిన కాసేపటికే ముక్కలై సముద్రంలో పడింది. రిపోర్టులో మూడు కారణాలు అనుమానించారు. నేను వేయించిన అతుకు అందులో ఒకటి.

చాచా ఒక్కసారే అడిగారు, తన టీ నా చేతిలో పెట్టి. "అదే కారణమని నాను సెప్పను. కాదని నువ్వు సెప్పగలవేటి?"

రెండో ట్యాంకు చివరి అతుకు నాటికి ఆయన మంచం పట్టారు. ఆ వెల్డరే వేశాడు, ముసురు రోజున. ఫిల్ములో ఓ మచ్చ. ఫిల్ము మీద మరకే కావచ్చు అన్నారందరూ.

చాచా ఖననం అయిన మర్నాడు, ఆ మచ్చ ఉన్నచోట ట్యాంకు కోసి చూడమన్నాను.

"మళ్లీ నెల వెనక్కి పోతామమ్మా," అన్నారు కంపెనీ నడిపే మా సారు నీరసంగా.

"పోదాం సార్. నేను సంతకం పెట్టలేను."

అతుకు వేసినవాడే కోశాడు. మచ్చ ఉన్నచోట లోహం నున్నగా మెరిసింది. ఒక్క బుడగ లేదు. బంగారంలాంటి ట్యాంకును చేజేతులా పాడుచేశాం. ఆ ముక్క ఒళ్లో పెట్టుకుని, నేల మీద కూలబడి బోరుమన్నాను.

"బాగానే ఉంది కదా మేడమ్, మరేటికి ఏడుత్తన్నారు?" అన్నాడతను కంగారుగా.

"ఇది చాచాకి చూపించాలనిపించింది," అన్నాను. కోసిన ముక్క ఇంకా వెచ్చగానే ఉంది.