టాపు కట్టిన రోజే కోశాను

ఇది రాయొద్దనే అనుకున్నాను గానీ, కూర్చున్న చోటు నుంచి లేవడానికి లేదు. ఎందుకో చెప్తాను.

పొద్దున ట్రాక్టర్‌కు టాపు కట్టాను. నాలుగు ఇనుప పైపులు, మీద కొత్త టార్పాలిన్. పోయిన ఎండాకాలం సీటుకు గొడుగు కట్టుకుని దున్నితే అది ఎగిరి కాలువలో పడింది, ఆ కథ వేరే. అందుకే ఈసారి వైరుతో గట్టిగా బిగించాను.

మధ్యాహ్నం నేనూ మా ఆవిడా అదే ట్రాక్టర్ మీద వచ్చి, కొనుగోలు కేంద్రంలో మా వడ్ల కుప్ప దగ్గరున్నాం. మబ్బు కమ్మింది. అందరూ ఎవరి టార్పాలిన్ పట్టా వాళ్ళు కుప్పల మీద కప్పుకుంటున్నారు, మాకు దొరకలేదు. టాపు విప్పుదామంటే వైరు ఊడి రాలేదు.

"గింత గట్టిగ ఎవలు కట్టమన్నరయ్యా?" అంది మా ఆవిడ.

"గాలికి పోవద్దని కట్టిన."

"ఇప్పుడు వడ్లే పోతున్నయ్. కొయ్యి ఇగ," అని కొడవలి చేతికిచ్చింది.

టాపు మీది టార్పాలిన్ కోసి కప్పితే సగం కుప్పకే వచ్చింది. అంచులు లేవకుండా చెరో పక్క కూర్చుని, మిగతా సగం తడవడం చూశాం. ఈ పంట కారుకు మాకున్నదంతా ఆ కుప్పే. ఎండకూ వానకూ పనికొస్తుందని కట్టిన టాపు, ఎండకు ఒక్క పూట పనికొచ్చింది.

మళ్ళీ మబ్బు పడుతోంది. త్రిపురారం దగ్గర్లో ఎవరి దగ్గరైనా పట్టా ఖాళీగా ఉంటే చెప్పండి. దాంతో టాపు కట్టనని మాటిస్తున్నాను.

మా ఆవిడ ఇప్పుడే ఒక్క నిమిషం లేచి, తడిసిన తువ్వాల పిండి ట్రాక్టర్ పైపు మీద ఆరేసింది.