ల్యాబు సారుకీ మా గుంటకీ రూలు తగువు

మా అమ్మాయి ల్యాబు పరీక్షలో తప్పిందనీ, తప్పానని ఒప్పుకోవడం లేదనీ, నన్ను రమ్మనీ కాలేజీ సారు ఫోను చేశాడు. చేతికి పప్పు రుబ్బు అంటుకుని ఉండగానే వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి కడుక్కుని, ఆమదాలవలసలో రైలెక్కాను. ఆ పరీక్ష పోతే మర్నాడు కాలేజీకి వచ్చే కంపెనీ వాళ్ళ ఇంటర్వ్యూకి కూర్చోనివ్వరు. మా ఆయన పోయాక మా ఇద్దరికీ ఆ ఉద్యోగం మీదే ఆశ. సంతకం తప్ప నాకు రాత రాదు, గొంతు మాత్రం ఉంది.

విజయనగరంలో దిగి కాలేజీకి వెళ్ళేసరికి సారు గదిలో మా పిల్ల వాదిస్తూనే ఉంది. ఇంట్లో లాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాము కాలేజీ కంప్యూటరులో నడవలేదట. మనం రాసినదాన్ని చదివి మిషనుకు అర్థమయ్యేలా మార్చేదాన్ని కంపైలరంటారట. కాలేజీలోది బాగా పాతది. అది ఒక వరుస దగ్గర ఆగి, ఇక్కడ ఇలా రాయకూడదంది.

"కంపైలర్ తప్పంటే తప్పేనమ్మా," అన్నాడు సారు నాతో.

"కంపైలర్ మాటేటి సర్? రూల్సు బుక్కులో ఏటున్నాదో సూడాల," అని మా పిల్ల ఫోను తీసింది.

ప్రోగ్రాము రాసే భాషకు రూల్సు పుస్తకం ఉంటుందట. ఫోనులో వేలితో ఎంత తోసినా దాని పేజీలు అయిపోలేదు. సారు కూడా బీరువాలోంచి తన పుస్తకం తీశాడు. ఏ లెక్క ఏ పేరుతో దాచుకుంటామో ఆ పేర్లన్నీ మొదటే చెప్పి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలని సారు పుస్తకం. మధ్యలో ఎప్పుడు కావాలంటే అప్పుడు చెప్పుకోవచ్చని మా పిల్ల ఫోను.

ఇది మాత్రం నాకు చప్పున అర్థమైంది.

"మా అత్తా ఇలగే సెప్పీది బాబూ. గిన్నెలు, పోపులడబ్బా అన్నీ ముందల ఎట్టుకుని, అప్పుడు పొయ్యి ముట్టించమనీది."

సారు మొహం వెలిగిపోయింది. "చూశావా? మీ అమ్మకి తెలుసు!"

"మా అమ్మ ఏనాడూ అలగ వొండలేదు సర్. నూనె మాడతంటే ఆవాలు ఎతుక్కుంటాది."

బల్ల కింద దాని తొడ గిల్లాను.

"మీది పాత బుక్కు సర్. తరవాత రూలు మారినాది," అంది అది తొడ రుద్దుకుంటూ.

"మన కంపైలరూ పాతదే. దానికి పాత బుక్కే రూలు."

ఏ పుస్తకం ప్రకారం రాయాలో ప్రశ్నపత్రంలో లేదు. ఇద్దరూ నావైపు చూశారు, నేనేదో జడ్జీనైనట్టు.

"ఆ వరస పైకి జరిపితే ఏటి పోతాదే?"

"నాది తప్పు కాదు. ఎందుకు జరపాల?"

"రేపు కంపెనీ వోలు వస్తారని జరుపే, గుంటా!"

జరిపింది. మిషను ఇంకో వరుస దగ్గర ఆగింది. గొణుక్కుంటూ అదీ జరిపింది. అప్పుడు నడిచింది. సారు పెన్ను తీశాడు. నా ప్రాణం కుదుటపడింది.

"ఇప్పుడు ఇదే ప్రశ్నకి మీరు రాసిన ప్రోగ్రాము నా లాప్‌టాప్‌లో ఎట్టండి సర్," అంది మా పిల్ల, సంచీలోంచి దాన్ని తీసి.

సారు పెన్ను మూత పెట్టేశాడు. పెట్టి చూశాడు కూడా. మొదటి వరుసలోనే ఆగింది. ఆయన అందులో ఏదో ఫైలు కావాలని రాశాడట, అది ఆ లాప్‌టాప్‌లో లేదు.

"ఆ ఫైలు మీ బుక్కులోనైనా ఉన్నాదేటి సర్?"

సారు పేజీలు తిప్పాడు. ముందు నుంచి తిప్పాడు, వెనక నుంచి తిప్పాడు. ఒక్కో పేజీ తిప్పుతుంటే ఉద్యోగం ఎగిరిపోతున్నట్టుంది నాకు. చివరికి, "ఇది కంపైలర్ చేసినవాళ్ళు సొంతంగా పెట్టుకున్నది," అని గొణిగాడు.

"అంటే రూల్సులో…"

దాని నోరు నా చేత్తో మూశాను.

సారు నన్నూ, నా చేతినీ చూసి నవ్వేశాడు. "పాస్ చేస్తున్నానమ్మా. మొదటిసారి నడవలేదు కాబట్టి రెండు మార్కులు కోత."

దండం పెట్టి దాన్ని బయటికి లాక్కొచ్చాను. స్టేషను దాకా ఒకటే గోల.

"ఆ రెండు మార్కులు ఏ రూలు కింద కోసీసినాడే అమ్మా? అడిగొచ్చెత్తాను, ఉండు."

"అడుగు," అని లాప్‌టాప్ ఉన్న దాని సంచీ భుజానికి తగిలించుకుని నేను రైలెక్కేశాను. బండి కదులుతుంటే తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి ఎక్కింది.